సదరన్ కోస్టల్ స్టైల్‌లో ఇంటి ప్లాన్ ఎలా ఎంచుకోవాలి: ముందు లాట్ చూడండి, బొమ్మ తర్వాత

అమెరికాలో సౌత్ కరోలినా తీరంలోనో జార్జియా తీరంలోనో ఒక లాట్ కొనుక్కుని అక్కడి పాతకాలం పద్ధతిలో ఇల్లు కట్టుకుందాం అనుకునే మనవాళ్ళు మొట్టమొదట చేసే పని ఏంటంటే రాత్రి పన్నెండింటి దాకా ప్లాన్ల సైట్లు తిరగేసి, తెల్ల స్తంభాలు, రెండంతస్తుల వసారా, పైన రేకు కప్పు ఉన్న బొమ్మ ఒకటి చూసి మనసు పారేసుకోవడం, ఆ తర్వాత దాన్ని ఎక్కడ పెట్టాలా అని లాట్ వెతకడం. దయచేసి ఇది తిరగెయ్యండి. ముందు లాట్, ఆ లాట్ మీదకి నీళ్ళు ఎంత ఎత్తు రావచ్చు, గాలి ఎటు నుంచి వీస్తుంది, చుట్టూ ఎంత జాగా వదలాలి, ఇవన్నీ తేలాకే ప్లాన్. ఎందుకంటే ఈ స్టైల్‌లో ఊరికే అందానికి పెట్టింది చాలా తక్కువండీ, ఇల్లు నేల మీద నుంచి లేపింది నీళ్ళ కోసం, వసారా ఎండ కోసం, ఎత్తు సీలింగ్ వేడి కోసం, కిటికీ తలుపులు (షట్టర్లు) తుఫాను కోసం. ఆ కారణాలు మీ లాట్‌కి ఎంత వర్తిస్తాయో తెలియకుండా ప్లాన్ కొంటే తర్వాత మార్పులకే బోలెడు పోతుంది.

మొదటి పని: ఫ్లడ్ జోన్ తెలుసుకోండి

లాట్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే ఫెమా (అమెరికా ప్రభుత్వ విపత్తుల ఏజెన్సీ) వాళ్ళ ఫ్లడ్ మ్యాప్ సైట్‌లో అడ్రస్ కొట్టి చూడండి, ఫ్రీయే. అక్కడ ఎక్స్ అని వస్తే రిస్క్ తక్కువ అని (లేదని కాదు). ఏఈ అని వస్తే ప్రతి సంవత్సరం 1 శాతం ఛాన్స్ ఉన్న వరద అక్కడికి వస్తుందని లెక్క, 1 శాతమే కదా అనుకోకండి, 30 ఏళ్ళ లోన్ కాలం మొత్తం చూస్తే అది దాదాపు 26 శాతం అవుతుంది. వీఈ అని వస్తే వరదతో పాటు 3 అడుగులు, అంతకంటే పెద్ద అలలు కూడా వచ్చి కొట్టే చోటు అని. ఏఈలోనే సముద్రం వైపు కొన్ని మ్యాపుల్లో ఇంకో గీత ఉంటుంది, లిమ్‌వా అంటారు, ఆ గీతకి నీళ్ళ వైపు ఒకటిన్నర అడుగుల పైన అలలు వస్తాయి, అక్కడ లాట్ ఉంటే కాగితం మీద ఏఈ అని ఉన్నా నేనైతే వీఈ లాగానే కట్టుకోమంటాను.

మ్యాప్‌లో జోన్ పక్కనే బేస్ ఫ్లడ్ ఎలివేషన్ అని ఒక నంబర్ ఉంటుంది, ఆ 1 శాతం వరద ఎంత ఎత్తుకి వస్తుందో చెప్పేది (నేల ఎత్తు లాగే సముద్ర మట్టం నుంచి లెక్క). మీ ప్లాన్ మొత్తం ఆ నంబర్ మీదే ఆధారపడి ఉంటుంది. ఒక లెక్క చెప్తాను చూడండి. బేస్ ఫ్లడ్ 11 అడుగులు, మీ లాట్ నేల 6 అడుగులు, కౌంటీ వాళ్ళు దాని పైన ఇంకో 2 అడుగులు కావాలన్నారు అనుకోండి (దీన్ని ఫ్రీబోర్డ్ అంటారు, ఒక్కో చోట ఒక్కోలా 1 నుంచి 3 అడుగుల దాకా అడుగుతారు). ఏఈ అయితే మీ ఫ్లోర్ 13 దగ్గర ఉండాలి, అంటే నేల నుంచి 7 అడుగులు. అదే వీఈ అయితే ఫ్లోర్ కాదు, ఫ్లోర్ కింద ఉన్న దూలం అడుగు భాగం 13 దగ్గర ఉండాలి, దూలాల మందం కలుపుకుంటే ఫ్లోర్ 9 అడుగులకి దగ్గరగా పోతుంది. పైగా వీఈలో మట్టి పోసి ఎత్తు పెంచి దాని మీద ఇల్లు నిలబెట్టడానికి ఒప్పుకోరు, పైల్స్ (నేలలోకి లోతుగా దిగగొట్టినవి) మీదో స్తంభాల మీదో నిలబడాలి, కింద నీళ్ళు అడ్డం లేకుండా పోవాలి, గోడ కట్టినా అది అలకి ఊడిపోయే రకం గోడే అయ్యుండాలి.

అందుకే ప్లాన్ సైట్‌లో ఫౌండేషన్ అని ఉన్న ఫిల్టర్ ముందు వాడండి. స్లాబ్ (నేల మీదే కాంక్రీట్), క్రాల్ స్పేస్ (ఫ్లోర్ కింద పాకేంత ఖాళీ), పియర్ (పొట్టి స్తంభాలు), పైలింగ్ (పైల్స్) అని ఉంటాయి. వీఈ లాట్ కోసం స్లాబ్ ప్లాన్ కొని తర్వాత లేపుదాంలే అంటే కుదరదు, మెట్లు, గరాజ్, పోర్చ్, కింద నుంచి వచ్చే పైపులు అన్నీ మారిపోతాయి, ఒకరకంగా కొత్త ప్లాన్ గీయించుకున్నట్టే.

లాట్ మార్ష్ (ఉప్పునీటి చిత్తడి నేల) పక్కన ఉంటే ఇంకో మాట. సౌత్ కరోలినాలో క్రిటికల్ లైన్ (మార్ష్ హద్దు) అని స్టేట్ వాళ్ళు ఒప్పుకున్న గీత ఒకటి సర్వేలో ఉండాలి, అక్కడి నుంచి మళ్ళీ లోకల్ సెట్‌బ్యాక్ (కట్టకుండా వదలాల్సిన జాగా). అలాగే పెద్ద లైవ్ ఓక్ చెట్లు. చార్ల్స్‌టన్ సిటీలో 24 అంగుళాల వ్యాసం దాటిన చెట్టుని (పైన్ తప్ప) గ్రాండ్ ట్రీ అంటారు, ఇష్టమొచ్చినట్టు కొట్టడానికి లేదు. కాబట్టి సర్వేయర్‌ని పిలిచినప్పుడే చెట్లతో సహా, నేల ఎత్తులతో సహా సర్వే అడగండి. అరెకరం లాట్ అనుకున్నది ఇల్లు పెట్టుకోగలిగిన జాగా వరకు చూస్తే చిన్న ముక్కే మిగలొచ్చు, ఆ ముక్క ఆకారమే మీకు ఏ రకం ఇల్లో చెప్తుంది.

ఇక ఎత్తు ఖాయమయ్యాక మెట్ల సంగతి, అమ్మానాన్నల సంగతి

ఇది అమెరికన్ ప్లాన్ పుస్తకాలు మన కోసం ఆలోచించని విషయం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆర్నెల్లు ఉండే ఇళ్ళు మనవి. మామూలు సబర్బ్ ఇంట్లో అయితే కింద బెడ్‌రూమ్, బాత్రూమ్ ఇచ్చేస్తాం. ఇక్కడ "కింద" అనేదే ఉండదు. ఏఈ అయినా వీఈ అయినా బేస్ ఫ్లడ్ కన్నా కింద ఉన్న జాగా బండి పెట్టుకోడానికి, సామాను పడేసుకోడానికి, మెట్లు ఎక్కి పోడానికి మాత్రమే. బిల్డర్ ఎవరైనా ఇన్‌స్పెక్షన్ అయ్యాక కింద ఒక రూమ్ చేసిస్తాను సార్ అంటే వద్దని చెప్పండి. అది రూల్‌కి విరుద్ధం, ఇన్సూరెన్స్ దగ్గర దెబ్బ తింటారు, అన్నిటికన్నా ముఖ్యం అక్కడ పడుకునేది మీ వాళ్ళు.

9 అడుగులు ఎక్కాలంటే ఎన్ని మెట్లు? చాలాచోట్ల కోడ్ ప్రకారం ఒక మెట్టు ఎత్తు ఏడు ముప్పావు అంగుళాలు దాటకూడదు, అంటే కనీసం 14 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళకి 7 అంగుళాల లోపు పెడితే హాయి, అప్పుడు 16. మెట్టు వెడల్పు కనీసం 10 అంగుళాలు కాబట్టి 14 మెట్లకే 11 అడుగుల దాకా ముందుకి వస్తుంది, ఆ 11 అడుగులు మీ ముందు సెట్‌బ్యాక్‌లో పడితే పర్మిట్ దగ్గర ఆగిపోతారు. పాత ఇళ్ళలో మెట్లు రెండు వైపుల నుంచి వచ్చి పైన కలిసేది, లేదా మధ్యలో చిన్న దిమ్మ దగ్గర తిరిగేది చూసే ఉంటారు, అలాంటి ప్లాన్ వెతకండి, మధ్యలో నిలబడి ఊపిరి తీసుకోడానికి చోటు ఉంటుంది, జాగా కూడా కలిసొస్తుంది.

లిఫ్ట్ ఇప్పుడే పెట్టించే స్తోమత లేకపోయినా దానికి జాగా మాత్రం వదలండి. ప్రతి అంతస్తులోనూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా వచ్చేలా సుమారు 5 అడుగులకి 5 అడుగుల క్లోజెట్లు ఉన్న ప్లాన్ తీసుకుంటే పదేళ్ళ తర్వాత అదే లిఫ్ట్ అవుతుంది. పెట్టించేటప్పుడు నీళ్ళు వస్తే క్యాబిన్ కిందకి దిగకుండా ఆపే ఫ్లోట్ స్విచ్ అడగండి.

ఇంటి రకం: మీ లాట్ వెడల్పుని బట్టి

సన్నగా పొడుగ్గా ఉన్న లాట్ అయితే చార్ల్స్‌టన్ సింగిల్ హౌస్ అనే రకం మీకు బంగారం. ఒక గది వెడల్పు మాత్రమే ఉంటుంది, సన్న వైపు వీధికి పెట్టి, పొడుగు వైపు మొత్తం వసారా వేస్తారు (అక్కడ పియాజా అంటారు), ఆ వసారా దక్షిణానికో పడమరకో ఉంటుంది. అంతస్తుకి రెండు గదులు, మధ్యలో మెట్లు. వీధి వైపు కనిపించే తలుపు తీస్తే ఇంట్లోకి కాదు, వసారాలోకి వెళ్తారు. ఒకే గది వెడల్పు కాబట్టి గాలి ఒక వైపు కిటికీలో వచ్చి ఎదురు కిటికీలో పోతుంది, ఏసీ లేని రోజుల్లో ఆ ఉక్కపోతలో మనుషులు బతికింది దీనివల్లే.

లాట్ వెడల్పుగా ఉంటే సౌత్ కరోలినాలోని బ్యూఫర్ట్ ఊరి తరహా చూడండి. చుట్టూ ఖాళీ ఉన్న వెడల్పాటి ఇల్లు, దక్షిణం వైపు ముఖం, తరచుగా టీ ఆకారంలో ఉంటుంది. ముందు గదులు అడ్డంగా, వెనక ఒక తోక. ఆ ఆకారం వల్ల ఎక్కువ గదులకి రెండు మూడు వైపులా కిటికీలొస్తాయి. పాతవి చాలా ట్యాబీ పునాదుల మీద లేపారు, ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, బూడిద, నీళ్ళు, మళ్ళీ ఆల్చిప్పలు కలిపి పోసిన గోడ అది. ఇప్పుడు ప్లాన్లలో ట్యాబీ అని రాసేది ఎక్కువగా సిమెంట్ మీద ఆల్చిప్పలు అద్దిన పూత, చూడ్డానికి బాగుంటుంది, తప్పేం లేదు.

లూసియానా, అలబామా ఉన్న గల్ఫ్ తీరం వైపు అయితే క్రియోల్ కాటేజ్, ఇంటి కప్పే ముందుకి సాగి వసారాని కప్పుతుంది, లోపల హాల్‌వేలు ఉండవు, గది నుంచి గదిలోకే. చిన్న కుటుంబానికి, వీకెండ్ ఇంటికి సరిపోతుంది కానీ చుట్టాలు వస్తే ఒకరి గదిలోంచి ఇంకొకరు నడవాలి, అది మనకి ఇబ్బంది. మధ్యలో ఖాళీ దారి వదిలి రెండు పక్కలా గదులుండే డాగ్‌ట్రాట్ కూడా ఉంది, ఒక పక్క మీరు, ఇంకో పక్క పెద్దవాళ్ళు ఉండాలనుకుంటే దాన్ని కచ్చితంగా చూడండి, నాకు చాలా ఇష్టమైన ప్లాన్ అది.

వసారా

వసారా తగ్గించి ఇంకో బెడ్‌రూమ్ వేద్దాం అనే ఆలోచన వస్తుంది, ఆపుకోండి. ఈ ఇంట్లో జనం కూర్చునేది అక్కడే, మన పెంకుటిళ్ళలో అరుగు ఎలాగో ఇదీ అలాగే. లోతు 8 అడుగులకి తగ్గకూడదు. 6 అడుగుల వసారా బొమ్మలో నిండుగా కనిపిస్తుంది కానీ రెండు కుర్చీలు వేశాక మనిషి నడవడానికి ఉండదు. భోజనాల బల్ల వేసుకుంటాం అంటే 10 పెట్టండి. దోమలు, నోసీయమ్స్ అనే కంటికి ఆనని పురుగులు మార్ష్ దగ్గర విపరీతం కాబట్టి కనీసం వెనక వసారాకి జాలీ ఉండాలి, అది కూడా సన్న కన్ను జాలీ.

దిక్కుల గురించి. వసారా దక్షిణానికో పడమరకో ఎందుకంటే ఎండ గట్టిగా పడేది అటే, వేసవి గాలి కూడా ఎక్కువగా దక్షిణం, నైరుతి వైపుల నుంచే. మనవాళ్ళు తూర్పు గుమ్మం అంటారు. ఈ రెండూ కొట్టుకోవాల్సిన పని లేదు. వీధి తూర్పున ఉన్న సన్న లాట్ దొరికితే సింగిల్ హౌస్ వేసుకోండి, వీధి తలుపు తూర్పుకి వస్తుంది, వసారా దక్షిణానికి వస్తుంది. కాకపోతే అసలు ఇంటి గుమ్మం వసారా మధ్యలోంచి దక్షిణం వైపు తెరుచుకుంటుంది, ఈ సంగతి ప్లాన్ కొనే ముందే ఇంట్లో పెద్దవాళ్ళతో మాట్లాడి తేల్చుకోండి, గృహప్రవేశం నాడు కాదు. ప్లాన్‌ని అద్దంలో తిప్పినట్టు కుడి ఎడమలు మార్చి అమ్ముతారు, కొంచెం ఎక్స్‌ట్రా తీసుకుంటారు, దిక్కుల కోసం చాలాసార్లు అది చాలు.

వసారా సీలింగ్‌కి లేత నీలం రంగు చాలా ఫొటోల్లో చూస్తారు, హేంట్ బ్లూ అంటారు. అది ఆ తీరంలో గల్లా గీచీ వాళ్ళ నమ్మకం, ఆత్మలు ఇంట్లోకి రాకుండా వేసే రంగు. వాళ్ళు ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చి ఆ వరి పొలాల్లో పని చేయించిన వాళ్ళ వారసులు, ఆ తీరంలో పాత పెద్ద ఇళ్ళు ఎన్నో వాళ్ళ ముత్తాతల చేతులతో కట్టినవే. రంగు వేసుకోండి, కానీ అది ఎవరిదో పిల్లలకి చెప్పండి.

లోపలి గదులు

వంటగది దగ్గర ఎక్కువ టైమ్ పెట్టండి. కొత్త కోస్టల్ ప్లాన్లు వంటగది, హాలు, డైనింగ్ అన్నీ కలిపేసి ఒకే పెద్ద గది చేస్తారు, మన పోపు వాసన సోఫాల దాకా పోతుంది. స్టవ్ బయటి గోడకి ఉన్న ప్లాన్ తీసుకోండి, హుడ్ గొట్టం నేరుగా బయటకి పోవాలి, ఐలాండ్ మీద స్టవ్ వద్దు. హుడ్ 400 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) దాటితే చాలాచోట్ల మేకప్ ఎయిర్ (పోయిన గాలికి బదులు బయటి గాలి లోపలికి తెచ్చే ఏర్పాటు) పెట్టమంటారు, ప్లాన్ దశలోనే చెప్తే సులువు. పాతకాలంలో వంటిల్లు వెనక విడిగా కట్టేవాళ్ళు, వేడి కోసం, నిప్పు భయం కోసం. అదే లెక్కలో వెనక జాలీ వసారాని ఆనుకుని చిన్న రెండో వంటగది పెట్టుకుంటే వేపుళ్ళన్నీ అక్కడ.

సీలింగ్ కింది అంతస్తు 10 అడుగులైతే బాగుంటుంది, 9 కూడా పర్లేదు. కిటికీలు పైనా కిందా రెండూ జరిగే డబుల్ హంగ్ రకం ఉండాలి, పై నుంచి వేడి పోతుంది, కింద నుంచి చల్లగాలి వస్తుంది. ఏసీ మాత్రం పెద్దది పెడితే మంచిదని అనుకోకండి, ఆ తేమలో పెద్ద ఏసీ గబుక్కున చల్లబరిచి ఆగిపోతుంది, తేమ లాగదు, ఇల్లు చెమ్మగా ఉంటుంది. మాన్యువల్ జె (ఇంటికి ఎంత ఏసీ కావాలో తేల్చే పద్ధతి) లెక్క చేయించి సైజు పెట్టమనండి. బయట యూనిట్ కూడా వరద ఎత్తుకి పైనే ఉండాలి, దానికి ప్లాట్‌ఫామ్ ప్లాన్‌లో ఉందో లేదో చూడండి, చాలా ప్లాన్లలో ఉండదు.

కప్పు, గాలి, ఉప్పు

1989లో హ్యూగో తుఫాను చార్ల్స్‌టన్ పక్కన సల్లివన్స్ ఐలాండ్ మీదుగా కేటగిరీ 4గా వచ్చింది, 2005లో కట్రీనా మిసిసిపి, లూసియానా తీరాన్ని ఊడ్చేసింది, 2018లో మైఖేల్ ఫ్లోరిడాలో మెక్సికో బీచ్ దగ్గర కేటగిరీ 5. ఇవి తలుచుకుని కప్పు ఎంచుకోండి. నాలుగు వైపులా వాలే హిప్ కప్పు గాలికి బాగా తట్టుకుంటుంది, నిలువు ముక్కోణం గోడ ఉండే గేబుల్ కన్నా మేలు. గేబుల్సూ, డార్మర్లూ (కప్పులోంచి పొడుచుకొచ్చే కిటికీలు) పది ఉన్న ప్లాన్ బొమ్మలో ముద్దుగా ఉంటుంది కానీ కప్పు ఎన్ని చోట్ల విరిగితే అన్ని చోట్ల కారే అవకాశం. కప్పు చెక్క జాయింట్లు సీల్ చేయించడం, గోడకీ కప్పుకీ పునాదికీ మధ్య మెటల్ పట్టీలు, ఇవి ఫోర్టిఫైడ్ అనే స్టాండర్డ్‌లో ఉంటాయి, అలబామాలో అయితే దానికి ఇన్సూరెన్స్ తగ్గింపు ఇవ్వాలని చట్టమే ఉంది.

కిటికీ తలుపులు గోడకి స్క్రూలతో బిగించిన ఉత్తుత్తివి పెట్టకండి. మూసుకునేవి పెట్టండి, లేదా ఇంపాక్ట్ గ్లాస్ (ఎగిరొచ్చేవి తగిలినా ఊడిపోని అద్దం). మేకులు, బోల్టులు హాట్ డిప్ గాల్వనైజ్డ్ (మందపాటి జింక్ పూత ఉన్నవి), సముద్రం దగ్గరైతే స్టెయిన్‌లెస్ స్టీల్. గోడలకి ఫైబర్ సిమెంట్ పలకలు తేలిగ్గా చెడవు. చెదలు అక్కడ చాలా ఎక్కువ, ఫార్మోసన్ రకం కూడా ఉంది, ట్రీట్‌మెంట్ పునాది దశలోనే.

డబ్బు కట్టే ముందు ప్లాన్ కాగితాలు ఇలా చదవండి

ప్లాన్ పేజీలో 2400 స్క్వేర్ ఫీట్ అని ఉంటే అది ఏసీ ఉన్న భాగం మాత్రమే, వసారాలు, గరాజ్, కింది భాగం, మెట్లు అందులో లేవు. ఈ స్టైల్‌లో వసారాలే 700, 800 అడుగులు ఉండొచ్చు, దానికీ పునాది కావాలి, కప్పు కావాలి. బిల్డర్ స్క్వేర్ ఫీట్‌కి ఇంత అని చెప్తే దేని మీద ఇంత అని అడగండి.

స్టాక్ ప్లాన్ (సైట్‌లో రెడీగా అమ్మేది) అంటే సాధారణంగా ఒక్క ఇల్లు కట్టుకోడానికి లైసెన్స్. మార్పులు చేయించాలంటే క్యాడ్ ఫైల్ (కంప్యూటర్‌లో మార్చగలిగే డ్రాయింగ్) తీసుకోవాలి, రేటు ఎక్కువ. కాపీరైట్ డిజైనర్‌దే, ఫ్రెండ్‌కి ఇచ్చేస్తే కుదరదు. దాదాపు ఏ స్టాక్ ప్లానూ మీ కౌంటీ గాలి వేగానికి, మీ నేలకి లెక్క కట్టి రాదు, లోకల్ స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత చేయించి స్టాంప్ వేయించాలి, వీఈలో అయితే ఇంజనీరో ఆర్కిటెక్టో సర్టిఫికెట్ ఇవ్వాల్సిందే. పైగా చార్ల్స్‌టన్ వైపు 1886లో పెద్ద భూకంపం వచ్చిన చోటు, దానికి కూడా లెక్క వేస్తారు. హెచ్‌ఓఏ (కాలనీ ఓనర్ల సంఘం) ఉంటే వాళ్ళ ఆర్కిటెక్చరల్ రూల్స్ పుస్తకం ముందే తెప్పించుకోండి, ఎత్తు లిమిట్, కప్పు రంగు, వసారా వెడల్పు దాకా రాసి ఉంటాయి, నేల నుంచి 9 అడుగులు లేపాక రెండంతస్తులు ఆ ఎత్తు లిమిట్‌లో పడతాయా అన్నది మొదట చూసుకోవాల్సిన లెక్క.

ఇన్సూరెన్స్ కోట్ కూడా ప్లాన్ కొనకముందే. మామూలు హోమ్ ఇన్సూరెన్స్‌లో వరద ఉండదు, ఫ్లడ్ విడిగా తీసుకోవాలి, తీరంలో చాలాచోట్ల గాలికి కూడా విడిగా. ఎన్‌ఎఫ్‌ఐపీ (ప్రభుత్వ ఫ్లడ్ ఇన్సూరెన్స్) పాలసీ ఇంటికి 250,000 డాలర్లు, సామానుకి 100,000 దాకానే ఇస్తుంది, మీ ఇల్లు అంతకన్నా ఖరీదైతే పైదానికి ప్రైవేట్ పాలసీ చూసుకోవాలి. లోన్‌తో పాటు తీసుకోకపోతే మామూలుగా 30 రోజులు ఆగాకే అమల్లోకి వస్తుంది, తుఫాను టీవీలో కనిపించాక కొంటే పనికి రాదు. ఏజెంట్‌కి మీ లాట్ సర్వే, రెండు మూడు ఫ్లోర్ ఎత్తులు ఇచ్చి ఒక్కోదానికి ప్రీమియం ఎంతో అడగండి, ఇంకో అడుగు లేపితే ఏడాదికి ఎంత తగ్గుతుందో, ఆ అడుగుకి బిల్డర్ ఎంత అడుగుతున్నాడో పక్కపక్కన రాసుకుని చూసి, అప్పుడు ఫ్లోర్ ఎత్తు ఖాయం చేసి ప్లాన్‌కి కార్డ్ గీకండి.